ఎండబెట్టిన మడి

కోటగిరి దగ్గర, కాలువ చివరి పొలం. మాఘమాసపు పొద్దు. మోటరు గది ముందు ఇద్దరున్నారు: పొలం ఆసామి పోశయ్య, ఆ పొలంలో నీళ్లు లేకున్నా తట్టుకునే మక్కజొన్న రకాన్ని వెతుకుతున్న రుచిత.

“పక్క పొలం లింబయ్యకు కండ్లు సక్కగ కనవడయి మేడం. మోతిబిందు. ఆపరేషన్ జేయించుకో అంటె ఇనడు.”

“కండ్ల సంగతి నేనడగలేదు బాపు. బిందె పట్టుకొని మన మడిలకు పోతున్నవా, లేదా?”

“బిందెనా?”

“బిందెనే.”

“ఏ బిందె?”

“నీ ఇంట్ల ఎన్ని ఉన్నయేంది?”

“రెండున్నయి. ఒకటి స్టీలుది, మా బాలవ్వ అమ్మగారింటికెల్లి తెచ్చుకున్నది. ఇంకోటి ప్లాస్టికుది. దాని అడుగు పలిగింది. లప్పం పెట్టిన. అయినా కారుతనే ఉంటది.”

“బాపు.”

“చాయ్ తాగు మేడం, సల్లగైతది. లింబయ్య బర్రె పాలు. మనిషి ఎసొంటోడైనా పాలల్ల నీళ్లు కలుపడు. గదొక్కటి ఒప్పుకోవాలె.”

“ఆ లింబయ్యనే పొద్దుగాల నాకు ఫోన్ చేసిండు. మాపటీలి నువ్వు బిందె ఎత్తుకొని మన మక్కలల్లకు దిగుతున్నవంట. ఒక్కదినం కాదు, దినాం చూస్తున్న అన్నడు.”

“వానికి నా మీద కోపమున్నది. మొన్న కాలువ తూము కాడ లొల్లి అయింది.”

“అయితే అబద్ధం చెప్పిండా?”

“వాడు అబద్ధమాడడు. ఇంక వేరే మంచి గుణమేం లేదు గని, అబద్ధమైతే ఆడడు.”

“అంటే నిజమే.”

“నేను గట్లన్ననా?”

“మరి ఎట్లన్నవు?”

“చాయ్ తాగమన్న.”

“బాపు, నాతోని పరాచికాలు వద్దు ఇయ్యాల. కారు బోధన్ల ఆగింది. వాళ్లు టిఫిన్ చేస్తున్నరంట. ఇంక కొంచెంసేపట్ల ఈడుంటరు. వాళ్లొచ్చే లోపల నాకు నిజం తెల్వాలె.”

“గా హైదరాబాదోళ్లేనా?”

“వాళ్లే, పైసలిచ్చేటోళ్లు. ఈ పని పై ఏడాది ఉంటదా, ఈడికే బందా అన్నది ఇయ్యాల వాళ్లే తేలుస్తరు. ఇన్నేండ్లసంది ఏస్తున్నం, ఎండబెడుతున్నం, ఒక్క రకం నిలవడలేదు. మొన్న ఆ పన్నెండో నంబరు సాలు చూసి నేను ఎగిరిన. నువ్వు చూసినవు గదా, నీ ముందల్నే.”

“ఎగిరినవు. చెప్పు తెగింది.”

“మా సార్‌కు ఫోటో పంపిన. భానుప్రసాద్ సార్ ఎప్పుడు మెచ్చుకోడు, ఆయన గూడ శభాష్ అన్నడు. ఆ ఒక్క సాలు చూసేటందుకే వాళ్లు ఇంత దూరం వస్తున్నరు. ఇప్పుడు నువ్వు దానికి నీళ్లు పోసినవంటే, నేను వాళ్లకు ఏం చూపెట్టాలె?”

“మేడం, నీళ్లు పెట్టనీకి నా చేతిల ఏమున్నది? స్టార్టరు తాళంచెవి నీ బ్యాగులనే ఉన్నది. తూముకు మట్టి మీరే కొట్టిచ్చిన్రు. మీది మీరే బందోబస్తు జేసుకున్నరు.”

“మోటరు గురించి అడుగుతలేను. తూము గురించి అడుగుతలేను. బిందె.”

“బిందె నీళ్లతోని మక్క పండుతదా ఎన్నడన్న?”

“పండదు. గని పీచు వస్తది. పూత మీదున్న మక్కకు మొదట్ల చెంబెడు పడ్డా లెక్క తప్పుతది. నీకు ముందే చెప్పిన గదా ఇదంత.”

“చెప్పినవు. జల్లు, పీచు.”

“చెప్పు మరి, ఏం చెప్పిన?”

“పైన జల్లు మగది. కింద కంకికి పీచు ఆడది. నీళ్లు లేకపోతె జల్లు ఆగదు, దాని టైముకు అది పుప్పొడి రాలుస్తది. పీచు ఆగుతది. అది బయటికచ్చేటాల్లకు పుప్పొడి అయిపోయి ఉంటది. పెండ్లిపిల్ల మండపానికి వచ్చేటాల్లకు పిలగాని దిక్కోళ్లు బువ్వలు తిని ఎల్లిపోయినట్టు.”

“నేనట్ల చెప్పలేదు.”

“నాకట్ల సమజైంది.”

“సరే, అదే. అప్పుడు కంకి ఉంటది, గింజ ఉండదు. నేను ఈ మడిల వెతికేది ఏంది? నీళ్లు లేక దూపతోని ఉన్నా ఆ రెండు కలిసి వచ్చే రకం. గింజ తూకం కోసినంకనే తెలుస్తది గని, జల్లుకు పీచుకు మధ్యల ఎడం చూస్తే సగం ముందే తెలిసిపోతది. పన్నెండులో ఆ రెండు జోడిగ వచ్చినయి. జల్లు చిన్నగ, కంకి మీదనే ఉన్నది దాని బలమంత. చుట్టుపక్కల సాళ్లు పొద్దు నెత్తి మీదికి రాకముందే ఆకు గొట్టం లెక్క చుట్టుకుంటున్నయి. అది చూడు, ఈడికెల్లి కనవడుతది, ఆకు ఇప్పుకొని నిలవడ్డది.”

“మంచిగనే ఉన్నది పాపం.”

“మంచిగ ఉండదా మరి? మోటరు గదికి దగ్గర. నువ్వు కూసునేది ఈడ, పండేది ఈడ. రాళ్ల మూలకున్న సాలు చూడు, అది గూడ మన విత్తనమే. కాగితం లెక్క అయింది. దాని పీచు ఇప్పటికీ బయటికి రాలేదు.”

“సూసిన.”

“చూసినవు గదా. ఒకటట్ల, ఒకటిట్ల ఎందుకైందంటవు?”

“దేవునికి తెలుసు.”

“దేవునికి, నీకు, లింబయ్యకు. నాకొక్కదానికే తెల్వదు.”

“మేడం, ఎండల నిలవడకు. ఇటు నీడకు రా.”

“నేను ఎండలనే ఉంటా.”

“నీ ఇష్టం. గని గా మొఖం ఎర్రగైంది. గా కుండల నీళ్లున్నయి, తాగు.”

“నాకు నీళ్లు వద్దు. నాకు మాట కావాలె. నేను అరుస్తలేను చూడు. మెల్లగనే అడుగుతున్న. పోసినవా?”

“పోసిన. పోసిన మేడం. అయిపాయె, చెప్పిన.”

“ఎప్పటిసంది?”

“లెక్క పెట్టలే. జల్లు బయటికి అచ్చినప్పటిసంది. ఒకనాడు మాపటీలి గెట్టు మీద కూసున్న. కాలువల నీళ్లు పోతున్నయి. చప్పుడు ఇనవడుతది గదా ఈడికి. నాకు ఇనవడుతుంటె, గా మక్కలకు ఇనవడదా అనుకున్న. పిచ్చి మాటే. లేసి బిందె ముంచుకచ్చిన.”

“మొత్తం మడికా?”

“గంత శాత నాకెక్కడిది? ఒక్క సాలుకు. మొదలుకింత చెంబుతోని.”

“ఒక్క సాలుకే.”

“ఒక్కదానికే. గా సాలు సూస్తె నాకు—”

“వద్దు. ఏ సాలో నాకు చెప్పకు. నాకు కండ్లున్నయి. లింబయ్యకు లేకున్నా నాకున్నయి.”

“కోపం జేయకు.”

“కోపం కాదు బాపు. కూసుంటా ఆగు.”

“గీ బస్తా మీద కూసో. దుమ్ము దులుపుత.”

“ఒక్కొక్క రకానికి ఒక్కటే సాలు ఏసిన ఈసారి. ఎందుకంటే విత్తనం పిడికెడే ఉండె. ఇంకోకాడ ఏసినది ఉంటే పోల్చి చూసుకునేదాన్ని. ఇదొక్కటే ఉన్నది. ఉన్న ఒక్కదానికి నువ్వు… ఎందుకు చేసినవు? నీకు మాట ఇచ్చింది యాదికి లేదా? నిలవడి, చర్చి ముందల, చెయ్యి మీద చెయ్యేసి చెప్పినవు. పూతకు ముందుగాల నీళ్లు బందంటే బందు, ఎవరు నవ్వినా నేను పెట్టను అన్నవు.”

“అన్న. నవ్విన్రు గూడ. బజార్ల పోతె, ఏం పోశయ్యా, కాలువ పక్కల మక్కలు ఎండబెట్టి వడియాలు పెడుతున్నవా అన్నరు. చెరుకు ఏసినన్నొద్దులు నన్నెవ్వరు నవ్వలె. ఫ్యాక్టరీ బందాయె, చెరుకు తీసిన, మీరచ్చిన్రు. పాస్టరయ్య గూడ అడిగిండు, నీళ్లుండంగ దూపకు చంపుడు ఏం చదువు పోశయ్యా అని. అందరికి ఒకటే చెప్పిన, మాటిచ్చిన అని.”

“మరి ఆ మాట ఏమాయె?”

“నేను మాట తప్పేటోన్ని గాదు మేడం. గదే నాకు వచ్చిన రోగం.”

“అంటే?”

“బాలవ్వప్పుడు గూడ గిట్లనే మాటిచ్చిన. డాక్టరుకు.”

“అవ్వకు కిడ్నీలు పోయినయని చెప్పినవు.”

“ఆ. మిషన్ మీద రక్తం కడిగేటోళ్లు. దినానికి గిన్ని నీళ్లే అని గ్లాసుకు గీత గీసిచ్చిండు. గంతకు మించి సుక్క పోతె ఊపిరితిత్తులల్ల నీళ్లు నిండుతయి, నీ చేతుల్నే పోతది అన్నడు. నేను సరే అన్న. గీత దాటనియ్యలె. కుండ తీస్కపోయి పక్కింట్ల పెట్టిన. ఆమె ఏమనకపోయేది. కుండ పెట్టే జాగ ఉంటది గదా, గా జాగ దిక్కు సూసేది. ఉట్టి జాగ దిక్కు. నల్ల ఇప్పితె ఇటు మొఖం తిప్పేది. నేను స్నానం గూడ బావి కాడనే జేసేటోన్ని, చప్పుడు ఇనవడొద్దని.”

“బాపు…”

“నేను డాక్టరును అనను. ఆయన మంచోడే. ఆయన చెప్పింది సక్కటిదే. గందుకే గదా మేడం, గంత కష్టం. తప్పని తెలిస్తె తప్పించుకోవచ్చు. సక్కటిదాన్ని ఎట్ల తప్పించుకుంటవు? ఒక సిస్టరమ్మ ఉండె ఆ వార్డుల. కేరళ పిల్ల. తెలుగు సగం సగం. ఆమె ఒకనాడు ఐసుగడ్డ తెచ్చింది, గింతంత, కందిగింజంత. గుడ్డల సుట్టి బాలవ్వ నాలిక మీద పెట్టింది. అది కరిగేదాక బాలవ్వ కండ్లు మూసుకొనే ఉన్నది. నవ్వింది. నెల దినాలల్ల నవ్వినది గదొక్కటే. గంత మెహర్బానీ నాకెవ్వరు జేయలె. గా పిల్ల పేరు గూడ అడగలె నేను. ఐసుగడ్డతోని ఆమె బతుకలె. గది బతికిచ్చేటందుకు పెట్టింది గాదు. గిది గూడ గంతే. చెంబెడు నీళ్లతోని మక్క పండుతదని పోయలె మేడం. నీ లెక్క ఖరాబైతదని యాదికే రాలె. దూప సూడలేకపోయిన. గంతే.”

“నువ్వు ఇదంత ముందే చెప్తే…”

“ముందు చెప్తె ఏం జేద్దువు? దినాం వచ్చి దీని ఆకులు లెక్కపెట్టుకునేదానివి. నీకు దూప గూడ లెక్కనే. తప్పు పడుతలేను బిడ్డా. నీ పని గది.”

“నాది పని కాదు. మా బాపుది వేల్పూర్ల ఎర్ర చెల్క. కాలువ రాదు, బోరు పడదు. మక్కలే ఏసేది. ఒక ఏడాది వాన పూత మీద ఆగింది. చేను చూస్తే నిండుగ ఉండె. కంకులు లావుగ, చెయ్యేస్తే చేతికి బరువు. మా అమ్మ మొదటి కంకి ఇప్పింది. లోపల బెండు. రెండోది ఇప్పింది. బెండు. ఇంటిల్లిపాది కూసొని ఇప్పుకుంట పోయినం. గోదుమ రంగు పీచు మాత్రం ఒళ్లంత అంటుకున్నది.”

“గింజే లేదా?”

“అడుగుకు రెండు పండ్లు లెక్క. ముసలోళ్ల నోరు లెక్క. మా బాపు దాన్ని చూసి నవ్విండు. ఆ నవ్వు నాకు ఇంక పోలేదు. అందుకే ఈ చదువు చదివిన. అందుకే నీ మడి ఎండబెట్టిన.”

“నీ ఫోను మోగుతున్నది.”

“తెలుసు.”

“ఎత్తు.”

“…హలో. సార్ నమస్తే. ఆ, మడి కాడనే ఉన్న సార్. ఆసామి గూడ ఉన్నడు… లేదు సార్, కుర్చీలు ఏపిస్తా… సార్, ఒక్క మాట. ఆ పన్నెండో నంబరు గురించి. అది చూపెట్టొద్దు సార్… ఎందుకంటే దానికి నీళ్లు పడ్డయి… లేదు, మోటరు కాదు. చేతితోని… పొద్దుగాల్నే తెలిసింది సార్. ఆయననే ఒప్పుకున్నడు… లేదు సార్, ఆయనను ఏమనకండి. పెద్దమనిషి… ఆ… ఆ… అట్ల ఎట్ల సార్?… వినండి సార్. నేను చెప్పకపోతే ఎవ్వరికీ తెల్వదన్నది నాకు గూడ తెలుసు… హలో. హలో.”

“ఏమన్నడు?”

“పెట్టేసిండు.”

“ముందల ఏమన్నడు?”

“నోరు మూసుకొని ఉండమన్నడు. వాళ్లు దాని కోసమే వస్తున్నరు, అది చూపెడదాం, ఫోటోలు దిగుదాం, పని సాగనియ్యి, తర్వాత సంగతి తర్వాత చూద్దాం అన్నడు. నువ్వు ఏం మాట్లాడకు, నేనే చెప్తా అన్నడు.”

“మరి మంచిదే గదా. నీ పని ఉంటది.”

“మంచిదా?”

“నాకేం తెలుసు. అడిగిన.”

“వాళ్లు దాన్ని చూసి మురుస్తరు బాపు. దాని గింజ తీసి పెంచుతరు. దాన్ని తీసి ఇంకోదానితోని కలుపుతరు. ఏండ్లు పడుతది. ఆఖరికి ఒకనాడు సంచిల కట్టి, ఎండకు తట్టుకుంటదని రాసి, వేల్పూర్ల మా బాపు లాంటోని చేతిల పెడుతరు. ఆయన నమ్మి ఏస్తడు. వాన ఆగుతది. మల్ల ఇంటిల్లిపాది కూసొని కంకులు ఇప్పుతరు. నేను చెప్తే పని బందు. రెబెకక్క, మిగిలిన కూలి ఆడోళ్లు, అందరు రేపటినుంచి మల్ల బీడీల కాడికి పోవాలె. చెప్పకపోతే అదిట్ల. ఎటు కదిలినా గెట్టే ఉన్నది.”

“నేను చెప్త. వాళ్లు అచ్చినంక నేనే నిలవడి చెప్త, తప్పు నాదే అని.”

“నువ్వు చెప్తే మా సార్ నవ్వుతడు. పెద్దాయనకు యాది ఉండదు, ఏదో అంటడు అంటడు. నేను చెప్తే, ఈ పిల్ల భయపడుతున్నది అంటడు. ఆ సాలు అట్ల పచ్చగ నిలవడి ఉన్నంతసేపు ఎవ్వరు మన మాట వినరు బాపు. దాన్ని చూస్తే నాకే నా మాట మీద నమ్మకం పోతున్నది. గంత మంచిగున్నది.”

“మరి ఎట్ల?”

“వాళ్లు వచ్చేటాల్లకు అది ఉండొద్దు.”

“ఏది?”

“సాలు. నువ్వు నీళ్లు పోసిన సాలు. కోసి పారేస్తా. చూపెట్టేటందుకు ఏం లేకపోతే ఎవ్వరు అబద్ధమాడే పనిలేదు. సార్‌ లేదు, నేను లేదు, నువ్వు లేదు. కొడవలి ఏడున్నది?”

“మోటరు గదిల, గూట్ల. గని బిడ్డా…”

“ఏంది?”

“పాపం, ఎట్లాగూ… సరే. నీ మడి, నీ మక్కలు. కొయ్యి. తప్పు జేసినోన్ని, నేను అడ్డం ఎట్ల చెప్త?”

“ఇదేనా కొడవలి?”

“గదే. జర పైలంగ. పదునుంటది. మొన్ననే సాన పట్టిచ్చిన.”

“నువ్వు కుర్చీలు తియ్యి. వాళ్లొస్తే కూసోబెట్టాలె గదా.”

“కుర్సీలు మూడే ఉన్నయి. ఒకదానికి కాలు ఊగుతది. గది మీ సార్‌కు ఏస్త.”

“నన్ను నవ్వియ్యకు బాపు ఇప్పుడు.”

“నవ్వియ్యట్లే. వేరేది లేదు.”

“తీస్కరా పో.”

“పోతున్న… గీ గదిల చీకటి, ఏం కనవడదు. మేడం, చర్చిల ఇచ్చిన దుప్పటి ఒకటి ఉండె ఈడ, మంచిది, అది కప్పనా కుర్సీల మీద? ఇనవడుతుందా?”

“కప్పు.”

“నీ గొంతు గట్లున్నదేంది? ఏడుస్తున్నవా?”

“లేదు. పుప్పొడి పడ్డది కంట్ల.”

“పుప్పొడి ఎన్నడో రాలింది బిడ్డా, నువ్వే చెప్పినవు. గిప్పుడు ఏడికెల్లి అస్తది?”

“నువ్వు కుర్చీలు చూడు.”

“సూస్తున్న. గిదొకటి దొరికింది… నేనొకటి చెప్త ఇను. ఏడ్వకు. బాలవ్వ పోయినంక నేను గూడ గిట్లనే అనుకున్న, ఇగ కతమైంది, ఎటు సూసినా గోడే అని. మూడొద్దులకు లింబయ్య అచ్చిండు. పాలు పెట్టి పోయిండు. ఏడాదాయె, దినాం పెడుతనే ఉన్నడు. తూము కాడ కొట్లాడుకున్నం, తెల్లారి గూడ పెట్టిండు. గిసొంటివి ఉంటయి బిడ్డా. చిన్నయి. లెక్కల రావు.”

“ఊ.”

“కోసుడైందా? గిది ఆఖరి కుర్సీ. తెస్తున్న. కారు చప్పుడు ఇనవడుతున్నది, కాలువ కట్ట మీదికి అచ్చినట్టున్నరు. జల్ది రా… ఏడున్నవు? మూలకు కనవడవేంది?”

“ఈడనే ఉన్న బాపు. ఇటు చూడు.”

“గాడేం జేస్తున్నవు?”

“రెండు మొదళ్లు కోసిన. చెయ్యి వస్తలేదు. గింజల పాలు పోసుకున్నయి, గోరు గుచ్చితే తెల్లగ కారుతున్నయి. గంత నిండుగున్నయి. ఇంకా సాలంత ఉన్నది. నువ్వు జర వచ్చి పట్టు, ఇద్దరం కలిసి కోద్దాం, కారు దిగే లోపల.”

“ఆగు. ఆగు బిడ్డా. కొడవలి కింద పెట్టు.”

“ఇప్పుడు జాలి చూపెట్టకు బాపు, నీకు దండం పెడతా.”

“జాలి గాదు. గది ఎందుకు కోస్తున్నవు?”

“ఎందుకేంది? నువ్వు నీళ్లు పోసింది దీనికే గదా.”

“దానికి నేనెందుకు పోస్త? గది ఆకు ఇప్పుకొని పచ్చగ నిలవడ్డది, దానికేం తక్కువాయె? నేను పోసింది రాళ్ల మూలకున్నదానికి బిడ్డా. పోసినా ఎండనే ఎండింది గని, మడంతట్ల ఎక్కువ దూపతోని ఉన్నది గదే.”